కిక్కురుమనని నొప్పి

మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఒక మాట గొప్పగా చెప్పుకునేది. "మా కోడలు పురిట్లో కూడా కిక్కురుమనలేదు" అని. ఆ పురుడు నాదే. సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రిలో రాత్రంతా నొప్పులు పడి అమ్మ నన్ను కన్నదట. పక్క మంచాల వాళ్ళు ఏడుస్తుంటే, మొగుళ్ళని తిడుతుంటే, దేవుళ్ళని పిలుస్తుంటే ఈమె మాత్రం చీర చెంగు నోట్లో కుక్కుకుని పడుకుందట. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది. పీహెచ్‌డీ రోజుల్లో స్త్రీల ఆత్మకథలు ముందేసుకుని కూర్చున్నప్పుడు అదే మాట గుర్తొచ్చి కోపం వచ్చేది. దాని అసలు అర్థం ఏదో ఒక రోజు ఐసీయూలో, ఒక కాగితం మీద వరసగా రాసిన సున్నాల్లో తెలుస్తుందని మాత్రం అనుకోలేదు.

మాది ఉస్మాన్‌గంజ్. నాన్న ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. కింద గోడౌన్, పైన రెండు గదులు మావి. పొద్దున్నే బస్తాలు దింపే హమాలీల కేకలతో లేచి, ఎండుమిరప ఘాటుకి తుమ్ముకుంటూ పెరిగాం. అమ్మ ముప్పై ఐదేళ్ళుగా ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం తమ్ముడి బండి వెనక కూర్చుని వస్తూ, మొజంజాహీ మార్కెట్ దాటాక ఒక కుదుపుకి కింద పడింది. తలకి ఎడమవైపు దెబ్బ. మెదడులో రక్తస్రావం. ఆ రాత్రే ఆపరేషన్ చేసి పుర్రె ఎముక ముక్క ఒకటి తీసి పక్కన పెట్టారు. నోట్లో గొట్టం, ముక్కులో గొట్టం, వెంటిలేటరు. నగరంలోని ఒక ఆసుపత్రిలో అలా పంతొమ్మిది రోజులు.

పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట లోపలికి పంపేవాళ్ళు. నేను చదువుకున్నదాన్నని తెలిసి సిస్టర్లు మంచం చివర తగిలించిన చార్టు చూడనిచ్చేవాళ్ళు. కథలు, కవిత్వం చదవడం తప్ప వేరే విద్య రానిదాన్ని. ఏం చేస్తాను, దాన్నే చదవడం మొదలుపెట్టాను. గంటగంటకీ బీపీ, పల్సు, ఆక్సిజన్. వాటి కింద ఒక గడిలో 'పెయిన్' అని. దాని ఎదురుగా 0, 0, 0, 1, 0, 0.

ఆ అంకె ఎలా వస్తుందో మూడో రోజు ఒక సిస్టర్ ఓపిగ్గా చెప్పింది. మాట్లాడగలిగే రోగినైతే "సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి?" అని అడుగుతారు. మాట్లాడలేని వాళ్ళకి వేరే కొలతలున్నాయి. క్రిటికల్ కేర్ పెయిన్ అబ్జర్వేషన్ టూల్ అని ఒకటి, పొట్టిగా సీపాట్. మాంట్రియల్‌లోని సెలీన్ జెలినా అనే నర్సింగ్ ప్రొఫెసరూ ఆమె సహచరులూ 2006లో ప్రచురించారు. మొహంలో మార్పు, ఒంటి కదలిక, కండరాల బిగువు, వెంటిలేటరుతో పేచీ పడుతున్నారా లేదా. నాలుగు అంశాలు, ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. మొత్తం ఎనిమిది. రెండో మూడో దాటితే నొప్పి ఉందని అనుమానించాలి. దాన్ని తయారుచేసింది ఒక నర్సు అని వినగానే నాకు ఎందుకో ప్రాణం కుదుటపడింది. రోజంతా మంచం పక్కన నిలబడేవాళ్ళకి కదా తెలిసేది! ఐసీయూలో పెద్దవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టే పనుల్లో ఒకటి కేవలం పక్కకి తిప్పడం అని 2001లో తేల్చింది కూడా కాథ్లీన్ పుంటిల్లో అనే నర్సు పరిశోధకురాలే. సూదులో కోతలో కాదు, పక్కకి తిప్పడం!

మొదటి అంశం మొహం. కనుబొమలు ముడిపడ్డాయా, కళ్ళు గట్టిగా మూసుకున్నారా, దవడ బిగిసిందా. అమ్మ మొహం ఎప్పుడూ సున్నాయే.

నాకు ఆ క్షణంలో నాయనమ్మ గుర్తొచ్చింది. కత్తిపీట మీద వేలు తెగితే అమ్మ పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని అదే చేత్తో పిండి కలిపేది. మోకాళ్ళ నొప్పులకి పదేళ్ళ పాటు "ఏదో కాస్త సలుపుతోంది" అనేది, అదీ ఎవరైనా అడిగితేనే. ఒకసారి మరుగుతున్న నూనె చిట్లి ముంజేయి కాలినప్పుడు వంటింట్లోంచి ఒక్క శబ్దం రాలేదు. సాయంత్రం నాన్నకి టీ ఇస్తుంటే చూశాం, బొబ్బని. ఇన్నేళ్ళ సాధనతో తయారైన మొహం అది. స్పృహ పోయినంత మాత్రాన ఆ సాధన కూడా పోతుందా? పోతుందనే న్యూరాలజీ చెప్తుందేమో. కానీ మెదడు దెబ్బతిన్నవాళ్ళు మిగతా రోగుల్లాగా మొహం ముడవకపోవచ్చు, వాళ్ళ నొప్పి వేరే దారుల్లో బయటపడొచ్చు అని జెలినా బృందమే తర్వాత గమనించింది. చటుక్కున కళ్ళు తెరవడం, మొహం ఎర్రబడడం, కంట్లో నీరు తిరగడం లాంటివి. అందుకే మెదడు గాయాల వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఆ కొలతని సవరించారు. అంటే అమ్మ మొహం సున్నా కావడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి గాయం, ఒకటి పెంపకం. ఏది ఎంతో విడదీసే స్కాన్ ఇంకా రాలేదు.

మొహం చెప్పని సంగతి చెప్పింది ఆయమ్మ. రోజూ సిస్టర్‌తో కలిసి అమ్మని పక్కకి తిప్పేది, ఒళ్ళు తుడిచేది, బట్టలు మార్చేది. నాలుగో రోజు నన్ను పక్కకి పిలిచి, "అమ్మకి తిప్పినప్పుడు నొస్తది బిడ్డా. ఎడమ కాలి బొటనేలు ముడుస్తది, చూడు" అంది. చూశాను. నిజమే. మొహం రాయిలా ఉంది. వెంటిలేటరు మామూలుగా ఊపిరి కొడుతోంది. దుప్పటి కింద బొటనవేలు మాత్రం లోపలికి ముడుచుకుని, మళ్ళీ నెమ్మదిగా విచ్చుకుంది. చార్టులో కదలికలకి గడి ఉంది. కానీ దుప్పటి ఎత్తి వేలు చూసే తీరిక, ముగ్గురు రోగులని చూసుకునే సిస్టర్‌కి ఎక్కడిది? ఆయమ్మ చూసింది నిజమే కానీ ఆయమ్మకి పెన్ను లేదు. ఎవరి జ్ఞానం కాగితం ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అని సెమినార్లలో నేను ఎన్నిసార్లు మాట్లాడి ఉంటాను!

అది రిఫ్లెక్సు కూడా కావొచ్చు. ఈ మాట నేను దాటవేయలేను. వెన్నుపాము స్థాయిలో జరిగే ముడుచుకోవడానికీ, 'నాకు నొప్పి' అనే అనుభవానికీ మధ్య తేడా ఉంది. 2002లో బెల్జియంలోని లియేజ్ నగరంలో స్టీవెన్ లోరేస్ బృందం స్పృహ లేని రోగులకి నొప్పి కలిగించి మెదడు స్కాన్లు తీసింది. నొప్పి సంకేతం మెదడుకి చేరుతోంది కానీ దాన్ని అనుభవంగా మార్చే విశాలమైన వలయంతో తెగిపోయి ఉంది అని తేల్చారు. 2008లో అక్కడే, కొద్దిపాటి స్పృహ ఉన్నవాళ్ళని పరీక్షిస్తే దాదాపు మనలాగే మెదడంతా స్పందించింది. అయితే ఎవరికి స్పృహ లేదు, ఎవరికి కొద్దిగా ఉంది? 2009లో కరోలిన్ ష్నాకర్స్ బృందం చూస్తే, డాక్టర్లు మంచం పక్కన నిలబడి 'స్పృహ లేదు' అని నిర్ణయించిన వాళ్ళలో నూటికి 41 మందికి నిజానికి కొంత స్పృహ ఉంది. నొప్పి తెలియదని తీర్పు చెప్పడానికి ఇది చాలా పల్చటి ఆధారం.

సందర్శన వేళల మధ్య ఇంటికి వచ్చి ఇవన్నీ చదివేదాన్ని. నిద్ర పట్టేది కాదు. అలా చదువుతుంటే తెలిసింది, మాట లేని శరీరాన్ని ఎలా చదవాలన్న ఈ గొడవ నూట ముప్పై ఏళ్ళ కిందట మా ఊళ్ళోనే పెద్ద ఎత్తున జరిగిందని. అప్పటి హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు మనిషి చనిపోతే ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, అందుకని నాడి పట్టుకు కూర్చోవక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలు అని ఆయన వాదం. దాన్ని రుజువు చెయ్యడానికి 1888లో ఒక కమిషన్, 1889లో ఇంకొకటి. లండన్ 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు రావడానికి ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. వందల జంతువులు, ముఖ్యంగా కుక్కలు, ఆ ప్రయోగాల్లో పోయాయి. కమిషన్ లారీ పక్షానే తీర్పు చెప్పింది. తర్వాత 1911లో లీవీ అనే ఆయన, మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు క్లోరోఫామ్ నేరుగా గుండెనే ఆపగలదని చూపించాడు. అంటే మన హైదరాబాద్ అంత ఖర్చు పెట్టి, అంత శ్రద్ధగా, చూడాల్సిన రెండింటిలో ఒకదాన్ని చూడక్కర్లేదని ప్రపంచానికి చెప్పింది.

ఆ లారీ దగ్గరే చదువుకుంది రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో మెడికల్ స్కూల్లో చేరిన కొద్దిమంది ఆడపిల్లల్లో ఒకామె, పార్సీ. 1889లో పట్టా తీసుకుని, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ రెసిడెన్సీ ఆసుపత్రిలోనూ రోగులకి క్లోరోఫామ్ ఇచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెప్తారు. రెసిడెన్సీ ఆసుపత్రి అంటే ఇవాళ్టి సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రే. అమ్మ చెంగు నోట్లో కుక్కుకున్న చోటు! అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది. తర్వాత కట్టిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని 2020 జూలైలో నీళ్ళు వచ్చాక ఖాళీ చేయించారు. కొత్త దానికి 2025 జనవరి 31న మా ఇంటి పక్క గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. గోషా అంటే పరదా. ఆ పేరున్న చోట రేపు ఏ ఐసీయూలో ఏ అమ్మ పడుకుంటుందో. రూపాబాయి గురించి నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. మత్తు పూర్తిగా ఎక్కని మనిషిని ఆమె దేన్ని బట్టి పోల్చుకునేది? గురువు చెప్పినట్టు ఊపిరొక్కటే చూసేదా, లేక మా ఆయమ్మలాగా కాలివేళ్ళు కూడా చూసేదా?

ఇప్పటి మార్గదర్శకాలు నాడినీ బీపీనీ చూసి నొప్పిని నిర్ణయించవద్దంటాయి. జ్వరానికీ పెరుగుతాయి, మందులకీ మారతాయి, మెదడు గాయమే వాటిని తారుమారు చేస్తుంది. వాటిని చూసి అనుమానించాలంతే. తెలివైన సలహా. అయితే అనుమానం వచ్చాక ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. నేను తప్పు చేసింది అక్కడే.

ఆరో రోజు డాక్టరు మమ్మల్ని పిలిచి అన్నారు, "మత్తు ఆపి చూడాలమ్మా. ఆపితే కొంచెం కష్టపడొచ్చు. ఆపకపోతే మెదడు ఎలా ఉందో మాకు తెలియదు." ఆపమన్నాం. అందులో తప్పు లేదు, ఎక్కడైనా అంతే చేస్తారు. మత్తు ఆపాక ఆయన అమ్మ కనుబొమ పైన బొటనవేలితో గట్టిగా నొక్కారు. చెయ్యి పైకి లేస్తుందా అని. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు తయారుచేసిన కోమా స్కేలు అది, మూడు నుంచి పదిహేను దాకా. కళ్ళు ఎప్పుడు తెరుస్తారు? తమంతట తామా, పిలిస్తేనా, నొప్పి పెడితేనా? స్పృహ ఉందో లేదో తెలుసుకోవడానికి మనకున్న పనిముట్టు నొప్పే! 2014లో ఆ స్కేలు భాష మార్చి, 'నొప్పికి' అన్నచోట 'ఒత్తిడికి' అని రాశారు. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి నాకు అది చిన్న సవరణ అనిపించలేదు. ఒత్తిడి అంటే డాక్టరు చేసే పని. నొప్పి అంటే రోగికి కలిగేది. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదన్న నిజాయితీ అందులో ఉంది. నొప్పి అనే మాట కాగితం మీంచి తప్పుకుందన్నదీ నిజమే.

అమ్మ ఎడమ చెయ్యి ఆయన వేలి దాకా వచ్చింది. మాకు పండగ. నాన్న ఏడ్చాడు. అప్పటినుంచి నాకు ఒకటే యావ. రేపు పొద్దున ఇంకొక అంకె పెరగాలి. ఆ రాత్రి సిస్టర్, "పక్కకి తిప్పే ముందు ఇవ్వడానికి డాక్టరు గారు ఫెంటనిల్ రాశారు మేడం, ఇప్పుడు ఇస్తాను" అంది. నేను అడిగాను, "ఇస్తే పొద్దున పరీక్షకి మళ్ళీ మగతగా ఉంటుందా సిస్టర్?" "కొంచెం ఉండొచ్చు" అంది ఆ అమ్మాయి అనుమానంగానే. "అయితే ఈ పూటకి వద్దు. మొహంలో ఏమీ లేదు కదా" అన్నాను.

మొహంలో ఏమీ లేదు కదా! నేనే అన్నాను. ఆయమ్మ చూపించిన వేలు నా కళ్ళతో చూసి కూడా. నా మాట విని సిస్టర్ ఆగింది. అమ్మని తిప్పారు. నేను దుప్పటి ఎత్తి చూడలేదు. తర్వాత డాక్టరుని అడిగితే, అంత చిన్న మోతాదు గంటలోపే దిగిపోతుందమ్మా, పొద్దుటికి ఏమీ ఉండదు అన్నారు. అంటే నేను కొనుక్కుందామనుకున్నది కూడా ఏమీ లేదు.

మాట రానివాళ్ళకి నొప్పి తెలియదని నమ్మడం ఎప్పుడూ ఎవరికో సౌకర్యం. 1840లలో అమెరికాలో మారియన్ సిమ్స్ అనే డాక్టరు అనార్కా, బెట్సీ, లూసీ అనే బానిస స్త్రీలకి మత్తు లేకుండా పదేపదే ఆపరేషన్లు చేశాడు. 1980ల దాకా పుట్టిన పసికందులకి మత్తూ నొప్పిమందూ నామమాత్రంగా ఇచ్చి కోసేవాళ్ళు. కన్వల్‌జీత్ ఆనంద్ అనే మన దేశపు డాక్టరు 1987లో రుజువులు చూపించేదాకా. ఇవి నేను పాఠం చెప్పేటప్పుడు ఆవేశంగా చెప్పే ఉదాహరణలు. వాళ్ళు క్రూరులు, నేను ప్రేమతో చేశాను అని తప్పించుకోలేను. నా ప్రేమకి అమ్మ లేవడం కావాలి. అమ్మకి ఆ రాత్రి ఏం కావాలో నేను అడగలేదు, అడగలేను. అడగలేనప్పుడు నా కోరికని ఆమె కోరికగా చదివేశాను. అదీ ఒక పఠనమే, చెడ్డ పఠనం. నొప్పి ఉందనుకుని మందిస్తే, ఒకవేళ లేకపోయినా పోయేది కొంత మగత. జాగ్రత్తగా ఇవ్వాల్సిందే, బీపీ చూసుకోవాల్సిందే. లేదనుకుని ఇవ్వకపోతే, ఒకవేళ ఉంటే, ఒక మనిషి ఒంటరిగా దాన్ని మొయ్యాలి. ఈ రెండు పొరపాట్లూ సమానం కావు. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనాన్ని సవరిస్తూ, చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదని స్పష్టంగా చేర్చింది. ఆ రాత్రికి నాకు ఆ సంగతి తెలుసు. అదే రోజు మధ్యాహ్నం చదివాను!

అరుణా శాన్‌బాగ్ కేసు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1973లో ముంబై కెఇఎం ఆసుపత్రిలో దాడికి గురై 2015 మే 18 దాకా, నలభై రెండేళ్ళు అలాగే ఉండిపోయిన నర్సు. 2011లో సుప్రీంకోర్టు, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆమె గురించి పుస్తకం రాసిన పింకీ విరానీది కాదు, ఆమెని చూసుకున్న ఆసుపత్రి సిబ్బందిది అంది. అప్పుడు నేను యూనివర్సిటీలో ఉన్నాను, రచయిత్రి పక్షాన వాదించాను. ఇప్పుడు అంత గట్టిగా వాదించలేను. ఒళ్ళు తుడిచే చేతులకి తెలిసేది వేరు. అలాగని ఆ చేతులు ఎప్పుడూ తప్పు చదవవనీ కాదు. కూతురిని నేనే తప్పు చదివాను కదా.

తొమ్మిదో రోజు కళ్ళు మూసి తెరవమంటే అమ్మ మూసి తెరిచింది. ఇంటికొచ్చి రెండేళ్ళు కావొస్తోంది. కుడి చెయ్యీ కాలూ సరిగ్గా రావు. దెబ్బ ఎడమవైపు కాబట్టి భాష పోయింది. అఫేసియా అంటారు. వర్జీనియా ఉల్ఫ్ 1926లో, జబ్బు గురించి చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు చాలవని వాపోయింది. మనకి అంత కరువు లేదు. తలపోటు, పంటిపోటు, సలుపు, తీపు, పీకు, గుంజు, మంట, చురుక్కు, కలుక్కు, జివ్వు. కింద గోడౌన్‌లో హమాలీలు ఒక్క నడుముకే ఎన్ని మాటలు వాడతారో! అమ్మకి అవన్నీ పోయి ఒక్క మాట మిగిలింది. "పర్లేదు." అన్నం పెట్టనా అంటే పర్లేదు. ఎవరొచ్చారు అంటే పర్లేదు. కోపం వచ్చినప్పుడు కూడా అదే మాట, గొంతు మాత్రం వేరు. దెబ్బతిన్న మెదడులో జీవితమంతా అరిగిపోయేలా వాడిన మాట ఒక్కోసారి అలా నిలిచిపోతుందని స్పీచ్ థెరపిస్టు చెప్పింది.

ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి బొమ్మల మొహాల కాగితం తెచ్చింది, నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు. "ఇందులో మీ నొప్పి ఏదమ్మా?" అని చూపిస్తే అమ్మ ఎడమచేతి వేలు ప్రతిసారీ నవ్వే మొహం మీదే పెడుతుంది. ప్రశ్న అర్థం కాకనా? లేక మొహం ఎలా ఉంది అంటే కాక, ఎలా ఉండాలి అంటే జవాబు చెప్తోందా?

ఒకసారి మాత్రం అడిగాను. ఆసుపత్రి సంగతి, ఆ రాత్రి సంగతి, మందు వద్దన్నది నేనేనని అంతా చెప్పి, నొప్పి వేసిందా అమ్మా అని. నా మొహంలోకి చాలాసేపు చూసి "పర్లేదు" అంది. వేరే మాట లేదు కాబట్టి అన్నదో ఏమో. నేను మళ్ళీ అడగలేదు.

ఫిజియో అమ్మాయి పదకొండింటికి వస్తుంది. డాక్టరుని అడిగి పదిన్నరకే ఒక పారాసిటమాల్ వేసేస్తున్నాను, అమ్మని అడక్కుండానే. కుడి భుజం పైకి లేపినప్పుడు నేను కాళ్ళ దగ్గర కూర్చుంటాను. నిన్న బొటనవేలు ముడుచుకుంది. "ఇవాళ్టికి అంతవరకే లేపండి" అన్నాను. ఆ అమ్మాయి అమ్మ మొహం చూసి, నన్ను చూసి, భుజం దించింది.